ఊరికే సరదాకన్నాను

మా కోదాడ సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఈ రోజుల్లో అది లేని సంఘమేది? ఆరాధన వేళలు, ప్రార్థన మనవులు, పెళ్లి కబుర్లు, మరణవార్తలు, సూర్యోదయం బొమ్మ మీద అచ్చువేసిన వాక్యాలు అన్నీ అందులోనే. నూరుమందికి పైగా సభ్యులున్నారు. ఆదివారం మందిరంలో నోరు విప్పనివాళ్లు కూడా అక్కడ ధారాళంగా మాట్లాడతారు. నేనూ మాట్లాడతాను. పాస్టరుకు ఉండవలసినదానికన్నా కాస్త ఎక్కువే మాట్లాడతానేమో.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, సంఘంలోని ఒక పెద్దావిడ అందులో నాలుగు వరుసలు పంపింది. ఆమెకు చదువు అంతంతమాత్రం. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని మనవరాలు నేర్పింది. ఆమె 'దేవునికి స్తోత్రం' అంది. ఫోన్ 'దేవునికి సూత్రం' అని రాసింది. కింద మరో మూడు వరుసలున్నాయి, అక్కడక్కడా పొంతనలేని మాటలతో. నేను మొదటి వరుస దగ్గరే ఆగిపోయాను. 'ఏ సూత్రం అమ్మా? లెక్కల సూత్రమా, మంగళసూత్రమా?' అని రాసి, పక్కన పడీపడీ నవ్వే బొమ్మలు మూడు పెట్టాను.

నిమిషంలో ఇరవై ముప్పై నవ్వు బొమ్మలు వచ్చిపడ్డాయి. 'అయ్యగారు పంచ్ బాగా వేశారు' అని ఒకరు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. ప్రసంగానికి అంత త్వరగా అన్ని ఆమేన్‌లు ఎన్నడూ రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర నా భార్య అడిగింది: "ఆమె భర్త పోయి పదకొండేళ్లు. సమాధి కార్యక్రమం చేసింది మీరే కదండీ?" నాకు వెంటనే తట్టలేదు. "మెడలో సూత్రం లేని మనిషిని పట్టుకుని మంగళసూత్రమా అని అడిగారు. అది సరే, ఆ కింద ఏం రాసిందో చదివారా?" అంది.

అప్పుడు చదివాను. ఆరేళ్ల కిందట ఇంట్లో గొడవపడి, గుజరాత్ వెళ్లే లారీ ఎక్కి వెళ్లిపోయిన ఆమె కొడుకు ఆ రోజు ఫోన్ చేశాడు. బతికున్నానని చెప్పాడు. 'అమ్మా తిన్నావా' అని అడిగాడు. ఇదీ ఆ మూడు వరుసల సంగతి. ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మేమందరం మోకరించి అడిగింది ఇదే. జవాబు వచ్చిన రోజున సంఘం మొత్తం నవ్వు బొమ్మలు పెట్టింది, వాటికి దారి చూపింది నేను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. నేను గబగబా ఫోన్ తీసి, 'ఊరికే సరదాకన్నాను అమ్మా, మనసులో పెట్టుకోవద్దు' అని అదే గ్రూపులో రాశాను. కొడుకు గురించి కూడా ఒక వాక్యం జతచేశాను. అది మరింత అన్యాయమైన పని అని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

సామెతల గ్రంథంలో సొలొమోను ఒక వెర్రివాడి బొమ్మ గీశాడు. వాడు కొరవులూ అంబులూ జనం మీదికి విసురుతుంటాడు. తన పొరుగువాడిని దెబ్బతీసి, ఆపైన అది ఆటకే చేశానని చెప్పుకునేవాడు అలాంటివాడేనట (సామె 26:18,19). గమనించండి, ఇక్కడ రెండు తప్పులున్నాయి. మొదటిది దెబ్బతీయడం. రెండవది దాన్ని ఆట అనడం. ఆట అన్నప్పుడు దెబ్బ తిన్నవాడికి నొప్పి అని చెప్పుకునే హక్కు కూడా పోతుంది. నొచ్చుకుంటే 'సరదా తెలియని మనిషి' అంటారు. ఊరుకుంటే మళ్లీ మళ్లీ అంటారు. 'మనసులో పెట్టుకోవద్దు' అన్నప్పుడు నేను క్షమాపణ అడగలేదు, నా భారాన్ని ఆమె మీదికి తోశాను. ఇక మనసును సర్దుకోవలసిన పని ఆమెదే అయింది.

మన తెలుగులో ఈ పనికి ఎన్ని పేర్లో! ఎగతాళి, వెటకారం, ఎకసెక్కం, హేళన, ఎద్దేవా, వెక్కిరింత. ఇవి కాక ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు. చివరి రెండింటిలో 'పొడుపు' ఉన్నది, అంటే ఆ మాటలు పుట్టించిన మన పెద్దలకు సంగతి బాగా తెలుసన్నమాట. ఇంగ్లిషువాళ్లు సార్కజం అంటారు. దాని వెనుక గ్రీకు క్రియ 'సార్కజీన్' ఉంది, మాంసాన్ని చీల్చడం అని దాని అర్థం. పౌలు శరీరం గురించి రాసేటప్పుడు తరచుగా వాడే 'సార్క్స్' అనే మాటే దానికి వేరు. గలతీయ సంఘస్థులు ఒకరినొకరు కరచుకుని తినివేసుకుంటే చివరికి ఎవరూ మిగలరని ఆయన హెచ్చరించినప్పుడు (గలతీ 5:15) నాకు ఈ క్రియే గుర్తుకొస్తుంది.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో బూతులనూ పోకిరి మాటలనూ కాదన్న తర్వాత పౌలు మూడో మాట ఒకటి చేర్చాడు (ఎఫెసీ 5:4). మన తెలుగు బైబిలు దాన్ని 'సరసోక్తులు' అంది. గ్రీకులో అది 'యూట్రపేలియా'. విచిత్రమేమంటే అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఇదే మాటను ఒక సద్గుణంగా లెక్కకట్టాడు. అటు విదూషకుడిలా అతిగా పోకుండా, ఇటు మొద్దులా బిగుసుకోకుండా, సమయానికి తగిన చమత్కారం చేయగల నేర్పు అది. పౌలు ఆ నేర్పును ఎందుకు పక్కన పెట్టాడు? నవ్వు కూడదనేనా? సెమినరీలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. అరిస్టాటిల్ మనసులో ఉన్నది తీరికగా కూర్చుని మాట్లాడుకునే, ఒకరికొకరు సమానులైన పౌరుల సభ. పౌలు రాస్తున్న సంఘంలో దాసులూ యజమానులూ, స్త్రీలూ పిల్లలూ, అన్యజనులూ యూదులూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు. సమానుల మధ్య చమత్కారం బంతాట లాంటిది. అసమానుల మధ్య విసిరిన బంతి తిరిగి రాదు, తగిలినచోటే ఉండిపోతుంది. పాస్టరు ఒక విధవరాలితో వేళాకోళమాడితే ఆమె తిరిగి ఏమంటుంది?

యాస సంగతి కూడా ఇందులో ఉంది. మా కోదాడ జాతీయ రహదారి మీది ఊరు. కాస్త ముందుకు వెళ్తే ఆంధ్ర సరిహద్దు, ఆ అవతల జగ్గయ్యపేట. అటూ ఇటూ పెళ్లిసంబంధాలున్నాయి, పొలాలున్నాయి, సంఘాలూ ఉన్నాయి. మా మందిరంలో ఒకే బెంచీ మీద 'వచ్చిండు' అనేవాళ్లూ 'వచ్చాడండీ' అనేవాళ్లూ కూర్చుంటారు. ఫోన్‌లోని ఆ యంత్రానికి రెండోది తెలిసినంతగా మొదటిది తెలియదు. ఆమె మాట తప్పుగా పడటానికి అదీ ఒక కారణం. తెలంగాణ యాసను మన సినిమాలు చాలాకాలం హాస్యగాళ్లకూ రౌడీలకూ కట్టబెట్టాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఈ అవమానం గురించి ఎంత మాట్లాడారో మనకు తెలుసు. 2014లో రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఉన్న బాధ కూడా ఇదే. అదే సినిమాలు పాస్టర్లను, 'కిరస్తానీ తెలుగు'ను కూడా వదల్లేదు. హాలులో మన భాషను వెక్కిరిస్తే నొచ్చుకునే మనం, ఇంటికొచ్చి తోటి విశ్వాసి భాషను వెక్కిరిస్తాం. నేను చేసింది అదే.

యేసు ప్రభువు కాలంలో గలిలయవాళ్ల గతి కూడా ఇదే. వాళ్లకు గొంతులో పలికే హల్లులు సరిగా తిరగవని యూదయవాళ్లు నవ్వేవారు. యూదుల తల్మూదులో ఎరూవీన్ అనే భాగంలో ఒక ముచ్చట ఉంది. ఒక గలిలయవాడు వీధిలో 'అమర్' ఎవరి దగ్గరుంది అని అడుగుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు, ఓరి వెర్రి గలిలయుడా, నీకు కావలసింది ఎక్కడానికి గాడిదా, తాగడానికి ద్రాక్షారసమా, కట్టుకోవడానికి ఉన్నా, కోయడానికి గొర్రెపిల్లా అని ఆటపట్టిస్తారు. ఆ నాలుగింటికీ వాళ్ల భాషలో పేర్లు దాదాపు ఒకేలా పలుకుతాయి. వాడికి నిజంగా ఏది కావాలో, దేని అవసరంలో వీధిలోకి వచ్చాడో ఆ ముచ్చట చెప్పదు. ఎవరూ అడగలేదు కాబోలు. దీన్ని సెమినరీలో చదివి మేమూ నవ్వుకున్నాం. లెక్కల సూత్రమా, మంగళసూత్రమా అని నేను అడిగింది అచ్చంగా ఆ వేళాకోళమేనని చాలా ఆలస్యంగా తెలిసింది. కైఫా ఇంటి ముంగిట చలిమంట దగ్గర పేతురును పట్టించింది కూడా ఆయన యాసే (మత్తయి 26:73). ఒట్టుపెట్టుకుని బొంకే స్థితికి ఆయన వచ్చింది మంట చుట్టూ చేరిన ఆ గుంపు మాటల మధ్యనే. న్యాయాధిపతుల కాలంలోనైతే 'షిబ్బోలెతు' అనే ఒక్క మాట సరిగా పలకలేక యొర్దాను రేవుల దగ్గర ఎఫ్రాయిమీయులు చచ్చారు. ఆ యుద్ధంలో కూలినవాళ్లు 42,000 మంది (న్యాయా 12:6). పలుకును బట్టి మనిషిని వేరుచేయడం ఎక్కడిదాకా పోగలదో బైబిలు దాచలేదు.

అయితే వెటకారమంతా పాపమేనా అని సంఘ యువకులు నన్ను అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కర్మెలు కొండ మీద ఏలీయా బయలు ప్రవక్తలను ఎలా ఆటపట్టించాడు? మీ దేవుడు ఏ పనిలో ఉన్నాడో, ప్రయాణంలో ఉన్నాడో, నిద్రపోయాడో, గట్టిగా పిలవండన్నాడు (1 రాజులు 18:27). పౌలు కొరింథీయులకు రాస్తూ, మీరప్పుడే తృప్తులైపోయారు, ఐశ్వర్యవంతులైపోయారు, మేం లేకుండానే రాజులైపోయారు అని దెప్పిపొడిచాడు (1 కొరింథీ 4:8). ప్రభువు కూడా దోమను వడగట్టి ఒంటెను మింగేవాళ్ల గురించి, కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెదికేవాళ్ల గురించి మాట్లాడినప్పుడు జనం నవ్వే ఉంటారు. అయితే ఆ మాటలు ఎవరి వైపు వెళ్లాయో చూడాలి. ఏలీయా ఒక్కడు, ఎదుట 450 మంది బయలు ప్రవక్తలు, వాళ్ల వెనుక అధికారం. ప్రభువు పరిహసించింది శాస్త్రులనూ పరిసయ్యులనూ. ఒక్క సుంకరినిగానీ, ఒక్క సమరయ స్త్రీనిగానీ ఆయన ఎగతాళి చేసినట్టు సువార్తల్లో వెదకండి, దొరకదు. పౌలు సంగతి ఇంకొంచెం చిత్రం. అంత ఘాటుగా రాసిన ఆరు వచనాల తర్వాత, మిమ్మల్ని సిగ్గుపరచడానికి కాదు, ప్రియమైన పిల్లలని బుద్ధి చెప్పడానికి రాశాను అని కలం వేగం తగ్గించాడు. ఆయన చెప్పదలచుకున్నది దాచలేదు. వెటకారంలో మొదలుపెట్టి సూటి మాటలో ముగించాడు. 'సరదాకన్నాను' అనలేదు.

మరొక రకం వెటకారం ఉంది, అది గాయంలోంచి వస్తుంది. దావీదు మందసం ముందు నాట్యమాడి ఇంటికి వచ్చినప్పుడు మీకాలు ఎదురొచ్చి, ఇశ్రాయేలు రాజు ఈ రోజు ఎంత ఘనంగా కనిపించాడోనని ఎత్తిపొడిచింది (2 సమూ 6:20). ప్రసంగాల్లో మేము మీకాలును సులువుగా గర్విష్ఠిని చేసేస్తాం. కానీ ఆమె కథ వెనక్కి తిప్పితే, ఒకప్పుడు దావీదును ప్రేమించిన అమ్మాయి (1 సమూ 18:20), కిటికీలోంచి దించి అతని ప్రాణం కాపాడిన భార్య. ఆ తర్వాత తండ్రి ఆమెను మరొకడికిచ్చాడు. దావీదు రాజకీయం కుదిరినప్పుడు వెనక్కి రప్పించుకున్నాడు. ఆ రెండో భర్త ఏడుస్తూ బహూరీము వరకూ ఆమె వెనుక నడిచి వచ్చాడు (2 సమూ 3:16). ఆమె మనసులో ఏముందో అప్పుడెవరైనా అడిగారా? సూటిగా ఏడ్చే వీలు లేనప్పుడు మనిషి వెటకారంగా మాట్లాడతాడు. దావీదూ అంతే ఘాటుగా జవాబిచ్చాడు. ఆ ఇద్దరి మధ్య బైబిలు రాసిన చివరి సంభాషణ అదే. తలుపు దగ్గర రెండు వాక్యాలతో ఒక కాపురం ముగిసింది. మన ఇళ్లలో ఎన్ని కాపురాలు ఇలా తలుపుల దగ్గర ముగిసిపోతున్నాయో పాస్టర్లకు తెలుసు.

మా గ్రూపులోనే జరిగిన మరో సంగతి చెప్పాలి. నా మంగళసూత్రం మాటకు కొన్ని నెలల ముందు, ఒక సహోదరునికి ఖమ్మంలో ఆపరేషన్ అని ప్రార్థన మనవి వచ్చింది. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, 'ఆమేన్', 'ప్రార్థిస్తున్నాం బ్రదర్'. ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి వాటన్నిటి కింద రాశాడు: 'నలభై ఆమేన్‌లు వచ్చాయి, ఆస్పత్రివాళ్లు రక్తం బదులు ఇవి ఎక్కిస్తారా?' పెద్దలకు కోపం వచ్చింది. ప్రార్థనను అపహసించాడు, అపహాసకులు కూర్చునే చోటు మొదటి కీర్తనలోనే నిషేధం, వాణ్ణి గ్రూపులోంచి తీసేయాలని ఒక పెద్ద పట్టుబట్టారు. నేనూ తల ఊపాను. మర్నాడు తెలిసింది, ఆ రాత్రి ఖమ్మం వెళ్లి రక్తమిచ్చి వచ్చినవాడు ఆ అబ్బాయే.

అప్పుడు నేను యోబు గ్రంథం మళ్లీ తీశాను. ముగ్గురు స్నేహితులు భక్తిగా, చక్కని వాక్యాలతో గంటలు గంటలు మాట్లాడారు. యోబు వాళ్లతో, లోకంలో జనమంటే మీరే, మీతోపాటే జ్ఞానం చచ్చిపోతుంది అన్నాడు (యోబు 12:2). ఇంతకన్నా పచ్చి వెటకారం ఉందా? చివరికి దేవుడు ఎవరి పక్షాన మాట్లాడాడు? నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని ఆ ముగ్గురిమీదే కోపించాడు (యోబు 42:7). వెటకారమాడినవాడిలో నిజాయితీ ఉండవచ్చు, భక్తి పలుకులు పలికినవాడిలో అది లేకపోవచ్చు. మనం 'ప్రార్థిస్తున్నాను' అని రాసి ఫోన్ పక్కన పెట్టి ప్రార్థించకుండా నిద్రపోతే, అదీ ఒక అపహాస్యమే. యువకుల నోట వెటకారం పెరగడానికి మన పొడి ఆమేన్‌లు ఎంత కారణమో ఎవరైనా లెక్కగడితే బాగుండును. అలాగని ఆ అబ్బాయి మాట పద్ధతి నాకు నచ్చిందనడం లేదు. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి భార్య కూడా ఆ గ్రూపులో ఉంది, ఆమె దాన్ని చదివింది. ఈ సంగతి అతనితో చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "అది ఆలోచించలేదు అయ్యగారూ" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నేనూ అదే మాట అనుకోవలసి వచ్చింది.

నిష్కాపట్యం గురించి మాట్లాడేటప్పుడు మా పాస్టర్లం ఒక కథ చెబుతాం. 'సిన్సియర్' అనే ఇంగ్లిషు మాట 'మైనం లేని' అనే లాటిన్ మాటల్లోంచి వచ్చిందని, పూర్వం శిల్పులు పాలరాతి పగుళ్లను మైనంతో పూడ్చి అమ్మేవారని, ఎండకు మైనం కరిగి మోసం బయటపడేదని. కథ బాగుంటుంది. నేనూ పది పదిహేనుసార్లు చెప్పాను. భాషా శాస్త్రజ్ఞులు దాన్ని అంగీకరించరని తర్వాత తెలిసింది. నిజాయితీ గురించి నిజం కాని కథ చెప్పడమేమిటని ఇప్పుడు మానేశాను. కొత్త నిబంధనలోని మాటే చాలు. రోమా పత్రికలో ప్రేమ నిష్కపటంగా ఉండాలన్నచోట (రోమా 12:9) గ్రీకు మాటకు 'వేషం వేయనిది' అని అర్థం. నాటకాల్లో ముఖానికి తొడుగు పెట్టుకుని వేషం కట్టేవాణ్ణి 'హుపోక్రితేస్' అనేవారు. ఆ తొడుగు లేని ప్రేమ అన్నమాట.

అయితే ముఖం మీద కొట్టినట్టు మాట్లాడి 'నేను ముక్కుసూటి మనిషిని' అని చెప్పుకోవడం కూడా నిష్కాపట్యం కాదు. అలాంటివాళ్లు ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్ల ముక్కు ఎప్పుడూ ఎదుటివాడి వైపే సూటిగా ఉంటుంది. ప్రభువు ఎవరిని కపటం లేనివాడన్నాడో చూడండి. నతనయేలును (యోహాను 1:47). ఆ మాట అనడానికి కొద్దిసేపటి ముందే నతనయేలు ఏమన్నాడు? నజరేతులోంచి మంచిదేదైనా వస్తుందా అన్నాడు. ఊరిని పట్టుకుని చేసిన వేళాకోళమది. ఫిలిప్పు దానికి వాదన పెట్టుకోలేదు, చిన్నబుచ్చుకోలేదు, ఎదురు వెటకారమూ ఆడలేదు. వచ్చి చూడమన్నాడు. నతనయేలు లేచి వెళ్లాడు. అతని నోట ఎగతాళి ఉంది, కాని లేచి వెళ్లే మనసూ ఉంది. ఆ రెండోదాన్ని చూసి ప్రభువు అతన్ని మెచ్చుకున్నాడనుకుంటాను. ఎగతాళి చేసి కూర్చున్నచోటే కూర్చుండిపోయేవాళ్లకు ఆ మెప్పు రాలేదు.

మన తాతముత్తాతలు ఎగతాళి మధ్యే విశ్వాసులయ్యారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో ఒంగోలు ప్రాంతపు పేదలు, అందులోనూ మాదిగ పల్లెలవాళ్లు, పురుగుల్లా చచ్చారు. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించాడు. విశ్వసించామని వేలమంది వచ్చారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నవాళ్లని నవ్వడానికి లోకం సిద్ధంగానే ఉంది. 'రైస్ క్రిస్టియన్' అనే ఇంగ్లిషు ఎత్తిపొడుపు ఆసియా అంతటా ప్రచారంలో ఉండేది. ఇప్పటికీ పోలేదు. క్లౌ ఆ మాటకు జవాబుగా వ్యాసాలు రాస్తూ కూర్చోలేదు. కరువు సాయం నడిచినంతకాలం, దాదాపు 15 నెలలపాటు, ఒక్కరికీ బాప్తిస్మమివ్వలేదు. కూలి అయిపోయింది, డబ్బు అయిపోయింది. ఇక మిషన్ దగ్గర తీసుకోవడానికేమీ లేదని తెలిసిన తర్వాత కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలబడి ఆ పని చేశారు. ఆ ఏడాది మొత్తం మీద ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

మా నల్గొండ, సూర్యాపేట ప్రాంతాలకు వచ్చిన తెలుగు బాప్టిస్టు సేవ ఆ నెల్లూరు, ఒంగోలు పనికి కొనసాగింపే. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్గొండలో పని మొదలుపెట్టాడు, సూర్యాపేట ఆ తర్వాతిది. అంటే మా సంఘపు బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది ఎగతాళికి గురై నిలబడ్డవాళ్ల మనవలు, మునిమనవలు. ఎగతాళి రుచి అంతగా తెలిసిన ఇంటివాళ్లం దాన్ని ఒకరికొకరు ఎలా వడ్డించుకుంటున్నామో నాకు అర్థం కాదు.

రోమ్ నగరంలో పాలటైన్ గుట్ట మీద 1857లో ఒక గోడరాత బయటపడింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, పక్కన చెయ్యెత్తి మొక్కుతున్న ఒక కుర్రవాడు. కింద, అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని వంకర గ్రీకు అక్షరాలు. సుమారు 1,800 ఏళ్ల కిందటిదై ఉండవచ్చంటారు. ఆ భవనంలోనే మరొక గదిలో వేరే చేతిరాతతో ఇంకో గీత దొరికింది. అందులో రెండే మాటలున్నాయి: అలెక్సామెనోస్ నమ్మకస్తుడు. అది రాసింది అతనో, అతని స్నేహితుడో. గాడిద తలకు బదులుగా మరో జంతువు తల గీయలేదు. గోడమీద ఎగతాళిని చెరపనూ లేదు.

నేను మాత్రం చెరిపేశాను. ఫోన్‌లో ఆ వీలుంది కదా. నా మాట ఉన్నచోట, సందేశాన్ని తొలగించారనే గుర్తు మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఆ పెద్దావిడ గ్రూపులో ఏమీ పంపలేదు. మందిరానికి వచ్చేది, కాని గుమ్మం దగ్గరి చాప మీద కూర్చుని ఆశీర్వచనానికి ముందే లేచి వెళ్లిపోయేది. రెండు నెలలు చూసి కూడా నేను వెళ్లలేదు. పనులున్నాయని చెప్పుకున్నాను. నిజానికి, అంతమందిలో అన్న మాటకు ఒంటరిగా వెళ్లి క్షమాపణ అడగడానికి సిగ్గుపడ్డాను. అర్పణం తీసుకుని బలిపీఠం దాకా వచ్చినవాడు కూడా, తనమీద సహోదరుడికి మనసులో ఏదో ఉందని గుర్తొస్తే అక్కడే విడిచిపెట్టి వెళ్లాలని ప్రభువు సెలవిచ్చిన భాగం (మత్తయి 5:23,24) ఆ నెల ప్రసంగం వంతులో వచ్చింది. దాన్ని దాటేసి వేరే భాగం తీసుకోవాలని కూడా చూశాను. శనివారం సాయంత్రం ఇక తప్పదని బయలుదేరాను.

ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని పీట వేసింది. చేతులకు కారం అంటిందని మంచినీళ్లు మనవరాలి చేత ఇప్పించింది. నేను తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అమ్మా, ఆ రోజు నేను తప్పు మాట అన్నాను. సరదాకని రాసింది కూడా తప్పే. క్షమించండి" అన్నాను.

"ఏం గాదయ్యగారూ" అంది ముందు. అలవాటుగా వచ్చే మాట అది, నేను నమ్మలేదు. కాసేపు తొడిమలు తీసి, తల ఎత్తకుండానే, "నవ్వినందుకు కాదయ్యా నాకు. నా కొడుకు బతికుండని చెప్తే ఒక్కరన్నా అవునా అనలే" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అబ్బాయి గురించి అడిగాను. మళ్లీ రెండుసార్లు ఫోన్ చేశాడట. అక్కడ బట్టల మిల్లులో పని. పెళ్లి చేసుకున్నాడు, ఒక పాప. పాప పేరు చెప్పేటప్పుడు ఆమె నవ్వింది. చీకటి పడేదాకా కూర్చున్నాను. మర్నాడు ఆరాధనలో ప్రసంగానికి ముందు, గ్రూపులో ఎంతమంది ముందు అన్నానో అంతమంది ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. కొందరు పెద్దలకు అది నచ్చలేదు, పాస్టరు అలా చిన్నబుచ్చుకోకూడదన్నారు. ఆమె మళ్లీ గ్రూపులో మాట్లాడటానికి ఇంకా నాలుగైదు నెలలు పట్టింది.

పోయిన డిసెంబరులో ఒక రాత్రి ఫోన్ మోగింది. 'దేవునికి సూత్రం. కొడుకు కోడలు పాప క్రిస్మస్ కొస్తుండ్రు' అని ఆమె పంపింది. మైకు ఇంకా అలాగే రాస్తోంది, ఎవరూ దిద్దలేదు. నేను రాయబోతుండగానే కింద మరొకటి వచ్చింది, ఖమ్మం వెళ్లి రక్తమిచ్చిన అబ్బాయిది.

'ఏ బస్సుకొస్తుండ్రు అమ్మా? బస్టాండ్‌కు నేను బండి తెస్తా.'